తలుపంత పొడుగు కంప్యూటర్ పెట్టె

పెట్టె బాగుంటే లోపల కప్పను కూర్చోబెట్టినా పాటలాగే వినిపిస్తుందని ఎల్లస్వామి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదని ఈ కథంతా నాకు చెబుతూ తనే అన్నాడు. దానికి పాలకుర్తి దిక్కు రాజమల్లు అనే రైతు కారణం.

డెబ్బై నాలుగో డెబ్బై అయిదో, సంవత్సరం ఎల్లస్వామికి సరిగ్గా గుర్తులేదు. హనుమకొండ చౌరస్తా పక్క సందులో అప్పుడప్పుడే రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. రాజమల్లు వచ్చి ఒక రేడియో తయారుచేసి ఇమ్మన్నాడు. ఎల్లస్వామి కుర్రతనం కొద్దీ, ఎంత చిన్నగా చేస్తే అంత గొప్ప అనుకుని, అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్ చేసిపెట్టాడు. రాజమల్లు దాన్ని చెవి దగ్గర ఊపి చూశాడు.

"ఏంది బై గిది, సున్నం డబ్బ లెక్కున్నది. గిండ్ల మనిషి పడ్తడా?"

"మనిషి పట్టుడేంది పెద్దయ్యా, గాలిల వస్తది గొంతు."

"గాలిల వచ్చే గొంతు గాలిల్నే పోతది. నాకొద్దు."

ఎల్లస్వామి ఆ రాత్రంతా ఏడవలేదు గానీ, తెల్లారి పాత వాల్వు రేడియో కర్రపెట్టె ఒకటి వెతికి, అదే యంత్రాన్ని అందులో బిగించాడు. బరువు చాలలేదనిపించి అడుగున సగం ఇటుక కూడా పెట్టాడు. రాజమల్లు మళ్లీ వచ్చి, రెండు చేతులతో ఎత్తి, వార్తలు విని, తల పంకించాడు.

"ఇగో, గిప్పుడొచ్చింది మొగ గొంతు."

ఆ ఇటుకతోనే ఎల్లస్వామి చదువు పూర్తయింది. ఆ తర్వాత అతను చేసిన ప్రతి వస్తువూ లోపల ఎలా ఉన్నా బయట మాత్రం పెళ్లికొడుకులా ఉండేది. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఆంప్లిఫయర్లకు నెమళ్లు చెక్కించాడు. టీవీలొచ్చాక వాటికి జరిగే షటర్లున్న టేకు పెట్టెలు చేశాడు. బొమ్మలో సగం చీమలే కనిపించినా ఎవరూ అడగలేదు. షటర్ జరక్కుండా పట్టేస్తే మాత్రం ఎక్కడి నుంచో వచ్చి గొడవ చేసేవాళ్లు. "బొమ్మ రాకుంటే ఢిల్లీ తప్పు, షటర్ రాకుంటే నా తప్పు" అని నవ్వుతాడు.

ఎనభై ఎనిమిదిలో ఎనుమాముల మార్కెట్ నుంచి రాంచందర్ సేటు కబురు పంపాడు. మిర్చి కమీషన్ వ్యాపారి. హైదరాబాద్‌లో వియ్యంకుడి ఆఫీసులో కంప్యూటర్ చూసి వచ్చాడు. అక్కడ చెప్పులు విడిచి లోపలికి వెళ్లాల్సి వచ్చిందట. చెప్పులు విడిపించే వస్తువు తన దుకాణంలో కూడా ఉండి తీరాలని సేటు పట్టు.

"కొనుక్కొచ్చుడు ఎవడైన కొనుక్కొస్తడు ఎల్లస్వామీ. నువ్వు జోడించియ్యి. కని జర బరువు కనబడాలె. నా తిజోరీ పక్కన నిలబెడితే తిజోరీ సిన్నబోవాలె."

ఎల్లస్వామి హైదరాబాద్ కోఠీ వెళ్లి సామాను కొన్నాడు. మదర్‌బోర్డు, పవర్ సప్లై, ఫ్లాపీ డ్రైవు, ఆకుపచ్చ అక్షరాల తెర. ఏది ఎక్కడ గుచ్చాలో దుకాణంవాడు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. చివరికి రేకు కేబినెట్‌లు కొన్ని వరసగా పెట్టాడు. ఒకటి పడుకునేది, ఒకటి నిలబడేది, ఒకటి రెండూ కానిది. ఎల్లస్వామి వాటిని వేలి కణుపుతో కొట్టి చూశాడు. టంగుమన్నాయి.

"గివి పెట్టెలా, బిస్కెట్ డబ్బలా? నా సేటు ముందల గిది పెడితే నన్ను మిర్చిల బొందవెడ్తడు."

"ఇనుప రేకు, గాలికి సందులున్నాయి, అన్నీ కొలత ప్రకారం ఉంటాయి సార్" అన్నాడు దుకాణంవాడు.

"సందులు నువ్వే ఉంచుకో" అని సామాను మూట కట్టుకుని బస్సెక్కేశాడు.

పెట్టె టేకుదే అయి ఉండాలని దారిలోనే నిశ్చయమైపోయింది. టేకు ఎక్కడుందో కూడా తెలుసు. అతని ఇంట్లోనే, మంచం కింద ఉంది.

వడ్డేపల్లి దిక్కున వాళ్ల సొంతిల్లు లేస్తోంది. అద్దె ఇళ్లలో తిరిగి తిరిగి విసిగిన యాకమ్మ, అంటే ఎల్లస్వామి భార్య, ఇంటికన్నా ముందే తలుపు సమకూర్చుకుంది. ములుగు నుంచి టేకు తెప్పించి, కోతమిషన్ దగ్గర నిలబడి చెక్కలు కోయించి, మంచం కింద చాపలో చుట్టి దాచింది. గోడలు ఎప్పుడు లేస్తే అప్పుడు లేవనీ, తలుపు మాత్రం తనది. గృహప్రవేశానికి ఎండాకాలంలో ముహూర్తం కూడా పెట్టించుకుంది. ఆ చెక్కల వైపు ఎల్లస్వామి చూసే చూపు ఆమెకు ముందే తెలిసిపోయింది.

"ఓ మొగిలి నాయిన, గటు సూడకు."

"జర ఇను యాకమ్మా. మిషన్ నడిస్తే సేటు కొత్త చెక్కలిప్పిస్తనన్నడు. గింతకన్న లావు చెక్కలు. మార్కెట్‌ల మిగిలినోళ్లు గూడ సూస్తాండ్రు, నచ్చితె అందరికీ నేనే చేస్త."

"నడవకుంటె?"

"ముహూర్తానికి ముందే గివే పట్కొస్త."

యాకమ్మ చాలాసేపు ఆలోచించి, కొడుకు మొగిలి మీద చెయ్యి వేయించి మరీ ఒట్టు పెట్టించుకుంది. అంచులకు బోల్టులు వేసుకోవచ్చు. అంతకు మించి చెక్కలు కొయ్యకూడదు, వాటికి ఒక్క ఓటు, అంటే రంధ్రం, పెట్టకూడదు. తీసుకుపోయినవి తలుపుగానే తిరిగి రావాలి.

చెక్కలు కొయ్యకూడదంటే పెట్టె చెక్కల పొడుగే ఉండాలి. ఇంకో మనిషైతే అక్కడితో ఆగిపోయేవాడు. ఎల్లస్వామికి మాత్రం దారి దొరికినట్టయింది. తలుపంత ఎత్తున, బీరువాలాగ నిలబడే కంప్యూటర్ పెట్టె తయారైంది. నడుము ఎత్తున అర, అరలో యంత్రం, దాని మీద తెర, ముందు షటర్లు. అరకు కింద ఏమీ లేదు, పైన అంతకంటే ఏమీ లేదు. కీబోర్డు తీగ పొట్టిది కాబట్టి గుమాస్తా లక్ష్మీనారాయణ తన గద్దె వదిలి ఎత్తు స్టూలు ఎక్కి కూర్చోవాల్సి వచ్చింది.

మార్కెట్‌కు బండి మీద తెచ్చి నలుగురు పట్టి దించారు. హమాలీ కట్టయ్య చెమట తుడుచుకుని పెట్టె చుట్టూ తిరిగి చూశాడు.

"సేటూ, లోపట ఎవడన్న నిలబడి లెక్కలు చేస్తాండా? వానికి బువ్వ ఎవలు పెడ్తరు?"

"నీ నోరు పడ! అది మిషన్రా."

"మిషనైతె గంత ఇల్లెందుకు సేటూ? మాకే లేదు గంత ఇల్లు."

సేటు మాత్రం పొంగిపోయాడు. తిజోరీ నిజంగానే చిన్నబోయింది. పక్క దుకాణాల వాళ్లు చెప్పులు విడిచి వచ్చి, పెట్టెను తాకి, కళ్లకద్దుకుని వెళ్లారు. పూజ అయ్యాక ఎల్లస్వామి స్విచ్ వేశాడు. ఆకుపచ్చ అక్షరాలు పుట్టాయి. లక్ష్మీనారాయణ ఒక్కొక్క అక్షరాన్ని దోమను చంపినట్టు కొడుతూ రైతు పేరు, మిర్చి తూకం ఎక్కించాడు. మధ్యాహ్నం దాకా ఎల్లస్వామి మీసం కిందికి దిగలేదు.

మధ్యాహ్నం తర్వాత అక్షరాలు కదలడం మానేశాయి. షటర్లు తీస్తే లోపలి నుంచి పొయ్యిసెగ కొట్టింది. టేకుకు అందమెంత ఉన్నా ఊపిరి లేదు. యంత్రం వెనక చిన్న ఫ్యాన్ తిరుగుతోంది గానీ, లోపలి వేడినే లోపల తిప్పుతోంది. వెనక చెక్క కొంచెం జరిపి, షటర్లు తీసిపెట్టి నడిపిస్తే నడిచింది. కానీ సేటు ఒప్పుకోలేదు.

"తిజోరీ తలుపు తెరిచిపెట్టుకుని ఎవడన్న కూసుంటడా? మూసి నడిపియ్యి."

"గాలి కావాలె సేటూ."

"గాలి పోయే తోవ నువ్వు సూడు. నీకిచ్చిన పనే గది."

తోవ అంటే ఓట్లు. ఓట్లంటే ఒట్టు. ఎల్లస్వామి రెండు రోజులు సేటు దుకాణానికి పోకుండా తిరిగాడు. ఇంట్లో యాకమ్మ "నడుస్తాందా?" అని అడిగితే "ఉరుకుతాంది" అన్నాడు. మూడో రోజు చెక్కకు ఓట్లు పొడిచే బర్మా తీసుకుని ఎనుమాముల వెళ్లాడు. చేయబోయేది తప్పే అయినప్పుడు అందంగా చేద్దామనుకున్నాడేమో, షటర్ల పక్కనున్న ముందు చెక్కకు రొమ్ము ఎత్తున తామరపువ్వు ఆకారంలో ఓట్లు వేశాడు. ఇది చెప్పేటప్పుడు అతని ముఖంలో పశ్చాత్తాపం కోసం వెతికాను. తామర గుండ్రంగా వచ్చిందన్న సంతోషమే కనిపించింది.

యంత్రానికి ఊపిరి వచ్చింది. కానీ మిర్చి మార్కెట్‌లో ఊపిరి అంటే మిర్చే. ఫ్యాన్ తామరలోంచి ఎర్రటి దుమ్ము లోపలికి లాగి, వెనక చెక్కల సందునుంచి చిమ్మింది. వెనక సేటు కూర్చునే పరుపు ఉంది. సేటు తుమ్మాడు. బేరానికి వచ్చిన రైతు తుమ్మాడు. ధర చెప్పబోయినప్పుడల్లా తుమ్ము అడ్డం పడుతుంటే అపశకునమని రైతులు పక్క దుకాణానికి నడిచారు.

"సేటూ, మీ మిషన్‌కు పడిశం పట్టింది" అన్నాడు కట్టయ్య.

ఎల్లస్వామి ఓట్లకు లోపలి వైపున పాత ధోవతి గుడ్డ రెండు మడతలుగా బిగించాడు. దుమ్ము ఆగింది, గాలి వచ్చింది. తుమ్ములు పోయాయి. వారం గడిచింది, యంత్రం ఆగలేదు. సేటు కొత్త చెక్కలకు కోతమిషన్‌లో మాట చెప్పి పంపుతానన్నాడు. ఎల్లస్వామి ఆ సాయంత్రం ఇంటికి జిలేబీ తీసుకెళ్లాడు. ఆ జిలేబీ చూసే యాకమ్మకు అనుమానం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఎనుమాముల బయల్దేరింది. ముహూర్తం దగ్గర పడింది, తన చెక్కలు ఎలా ఉన్నాయో చూసి రావాలి కదా. ఎల్లస్వామి వద్దంటూ వెనకే పరుగెత్తాడు.

అదే సమయానికి దుకాణంలో లక్ష్మీనారాయణ పూజ చేస్తున్నాడు. రోజూ చేస్తాడు. మొదటిరోజు నుంచీ పెట్టెకు కుంకుమబొట్టు పెట్టేవాడు. అగరొత్తులు గుచ్చడానికి అరటిపండు వెతుక్కునేవాడు. తామర వచ్చాక ఆ బాధ తీరింది. దేవుడి ముందు అంత చక్కగా ఓట్లుంటే అవి అగరొత్తులకు కాక ఇంకెందుకని, రోజుకొక రేకులో గుచ్చుతున్నాడు. ఫ్యాన్ పొగను ఇష్టంగా లోపలికి పీల్చుకుంటోంది. ఆ రోజు ఒక ఒత్తి లోపలికి జారి ధోవతి గుడ్డకు అంటుకుంది.

యాకమ్మ గడప ఎక్కేసరికి ఆమె తలుపులోంచి పొగ వస్తోంది.

ముందు కట్టయ్య కడవెడు నీళ్లు ఎత్తాడు. "నీళ్లు పొయ్యకు, మిషన్ సస్తది!" అని ఎల్లస్వామి అతని కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. ఎవరో తీగ పీకారు. ఎల్లస్వామి షటర్లు తీసి మండుతున్న గుడ్డను చేత్తోనే లాగేసి తొక్కాడు. గుడ్డే కాలింది, యంత్రం దక్కింది. దుకాణమంతా మిర్చి ఘాటు కలిసిన సాంబ్రాణి వాసన.

పొగ తేలాక యాకమ్మ తామరను చూసింది. వేలు ఒక ఓటులో పెట్టి, అవతలి వైపు కనిపిస్తోందా అని చూసింది.

"ఓ మొగిలి నాయిన. గివేంది?"

"గాలికి."

"నా తలుపుకు గాలా? దానికి ఉబ్బసమొచ్చిందా?"

"పువ్వు లెక్క పెట్టిన యాకమ్మా. మంచిగ లేదా?"

"పోరని మీద చెయ్యేసి చెప్పినవు. పువ్వు లెక్క మాట తప్పుతె తప్పినట్టు గాదా?"

ఎల్లస్వామి సేటు వైపు తిరిగాడు. "సేటూ, కొత్త చెక్కలిస్తనంటిరి."

"మిషన్ నడిస్తే అన్న. నడిచిందా? నా దుకాణం కాలబెట్టబోయింది."

లక్ష్మీనారాయణ అప్పటికే తిజోరీ వెనక నిలబడి హనుమాన్ చాలీసా మొదలుపెట్టాడు.

యాకమ్మ కొంగు నడుముకు చుట్టింది. "సేటూ, మీ మిషన్ మీరు ఉంచుకోండ్రి. నా తలుపు నేను కొంచవోత. ఏందయ్యా సూస్తానవ్, బోల్టులిప్పు."

ఎల్లస్వామి బోల్టులు విప్పాడు. తాను చేసిన పెట్టెను తానే విప్పడం అతనికి అదే మొదటిసారి. కట్టయ్య, ఇంకో హమాలీ చెక్కలు బయటికి మోశారు. యంత్రాన్ని తీగలతో సహా ఒక బల్ల మీద దించారు. పచ్చటి బోర్డు, రంగురంగుల తీగలు, అంతా బట్టబయలు. అది బతికే ఉందని చూపించకపోతే సేటు ఊరుకోడు కాబట్టి, ఎల్లస్వామి కళ్లు మూసుకుని స్విచ్ వేశాడు. అక్షరాలు వచ్చాయి. సాయంత్రం మార్కెట్ మూసేదాకా ఆగలేదు. వేడి లేదు, హఠం లేదు. అంతకు ముందెప్పుడూ అంత చక్కగా నడవలేదు.

"ఇప్పిపెడితేనె మంచిగున్నది గదనే. ఉత్తగ పెట్టె ఎందుకు చేసినవ్?" అన్నాడు కట్టయ్య.

ఎల్లస్వామి విప్పిన బోల్టులు ఏరి జేబులో వేసుకున్నాడు. మరుసటి వారం సేటు కోఠీ నుంచి రేకు కేబినెట్ తెప్పించుకున్నాడు. బిస్కెట్ డబ్బలాంటిదే. మెత్తటి గుడ్డ కప్పి వాడుకున్నారు. మార్కెట్‌లో ఇంకెవరూ ఎల్లస్వామిని పెట్టె అడగలేదు.

ఇక తలుపు. కొత్త చెక్కలు రాలేదు, ముహూర్తం ఆగదు. ఉన్న చెక్కలతోనే వడ్రంగి తలుపు కట్టి నిలబెట్టాడు. ఓట్లకు కర్రమేకులు చెక్కి మూయాలని యాకమ్మ శిక్ష వేసింది. మూసేదాకా అన్నం పెడుతుంది గానీ మాట్లాడదు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలంతా తామరను చూసి, ఇదేం ఫ్యాషనని అడుగుతుంటే ఆమె ముఖం చూపించలేకపోయింది. ఎల్లస్వామి మధ్యాహ్నాలు తలుపు ముందు కూర్చుని ఒక్కొక్క మేకు చెక్కి, జిగురు పూసి, ఓటులో దించేవాడు. కావాలనే నిదానంగా చేశాడో, కాలిన చెయ్యి మానక నిదానమైందో అతనే చెప్పాలి.

రోహిణి కార్తె ఎండలు. కరెంటు పోయింది. తలుపు మూసి ఉన్న ఇంట్లో యాకమ్మ నడవలో చాప వేసుకుని పడుకుంది. మూయని రేకుల్లోంచి సన్నగా గాలి వచ్చి మెడకు తగిలింది. ఆమె లేచి, గాలి ఎటునుంచి వస్తోందో చేత్తో వెతికి, చాపను తలుపుకు దగ్గరగా జరుపుకుంది. అవతల గడప మీద ఎల్లస్వామి ఇంకో మేకు దించుతున్నాడు. సుత్తి చప్పుడైనప్పుడల్లా గాలి కొంచెం తగ్గుతోంది.

"ఓ మొగిలి నాయిన" అంది లోపలినుంచే. కొత్త ఇంట్లో అడుగుపెట్టాక అతన్ని పిలవడం అదే మొదలు.

సుత్తి ఆగింది.

"అయినకాడికి సాలు. మిగిలినయి ఉండనీ, ఉక్క పోస్తాంది."