అరచేతుల మధ్య జానెడు దూరం

పోయిన నెల నుంచి మా అపార్టుమెంటు హాల్లో పెద్దవాళ్లకు తాయ్ చీ అనే చైనా వ్యాయామం నేర్పిస్తున్నారు. నేర్పే అమ్మాయి మా అందరినీ అరచేతులు ఎదురెదురుగా పెట్టుకుని నిలబడమని, మధ్యలో వెచ్చగా ఏమైనా తెలుస్తోందా అని అడిగితే, అందరూ ఒక్కసారిగా తెలుస్తోందన్నారు. అప్పటికే నా మనసు యాభై ఏళ్లు వెనక్కి, ఆబిడ్స్‌లో ఒక పళ్ల డాక్టరు గారి మేడ మీది వరండాలోకి వెళ్లిపోయింది.

మేము గుంటూరు వైపు వాళ్లం. రాష్ట్రం ఏర్పడిన ఏడాది నాన్నగారి ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డాం. నేను నాంపల్లిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరిన మూడో ఏడు, కుడి మణికట్టులో నొప్పి మొదలై, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కి, కాగితం నిండా తప్పులు పడసాగాయి. వేసవిలో స్పీడు పరీక్ష గట్టెక్కకపోతే ఉద్యోగం పర్మనెంటు కాదు. నాన్నగారు అప్పటికే రిటైరయ్యారు.

అదే సమయంలో పన్ను నొప్పి కూడా వచ్చి, ఆబిడ్స్‌లో ఉన్న చైనా పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. సరిహద్దు యుద్ధం తరువాత ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు తగ్గారు, మా అమ్మ కూడా వద్దంది, కానీ నొప్పి నాది కదా. అక్కడ కూర్చుని మణికట్టు రుద్దుకుంటూ ఉంటే డాక్టరు గారి తల్లి చూశారు. ఆవిడ కలకత్తా నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి నలభై ఏళ్లు దాటిందట, ఇక్కడి తెలుగు ఇక్కడివాళ్లలాగే మాట్లాడేవారు. నా చెయ్యి పట్టుకుని, భుజం దాకా తడిమి, "ఛీ" అన్నారు. నన్నే ఈసడించుకున్నారనుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఒంట్లో తిరిగే ప్రాణశక్తిని వాళ్ల భాషలో అలా అంటారని, నాకది భుజం దగ్గరే ఆగిపోయిందని ఆవిడ నవ్వుతూ చెప్పాక గాని నా మొహం తేటపడలేదు.

దాన్ని కదిలించడం నేర్పుతాను రమ్మని ఆవిడే అనడంతో, మర్నాటి నుంచి ఆఫీసుకు ముందు ఆ వరండాలో అరగంట నిలబడటం అలవాటైంది. మోకాళ్లు కాస్త వదులు చేసి, ఊపిరిని బొడ్డు కిందికి దించి, అరచేతుల మధ్య జానెడు దూరం ఉంచి, ధ్యాసను భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి వేళ్లకు మెల్లగా నడపాలి. నేను బలవంతం చేస్తే ఆవిడకు ఇట్టే తెలిసిపోయేది. తోయొద్దు, తోవ ఇయ్యి, అనేవారు. రోజూ చివర్లో ఏమన్నా తెలుస్తుందా అని అడిగేవారు. రెండు రోజులు లేదన్నాను. అంత ఆపేక్షగా నేర్పుతున్న మనిషిని నొప్పించలేక మూడో రోజు వెచ్చగా తెలుస్తోందని చెప్పేశాను. అలా నాలుగు నెలలు చెబుతూనే ఉన్నాను.

ఆ రోజుల్లోనే చాదర్‌ఘాట్ నుంచి ఒక పంతులమ్మ రావడం మొదలుపెట్టారు. పాత హైదరాబాదు వాళ్లు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి సగం పడిపోయింది. డాక్టరు గారి తల్లి నన్ను ముందుకు పిలిచి, ఈ పిల్లకు బాగా పట్టుబడింది, చేతులల్ల వెచ్చగ తెలుస్తుందంట, ఈమెనే చూపిస్తది, అని పక్కకు తప్పుకున్నారు. పంతులమ్మ నా మొహంలోకి చూస్తూ అడిగారు.

"నాగ్గూడ గట్ల వెచ్చగైతదా బిడ్డా? నిజం చెప్పు, ఆశ పెట్టుకోవాల్నా?"

ఆ చూపు ముందు అబద్ధం నోట రాలేదు. "నాకు ఇంతవరకూ ఏమీ తెలియలేదండీ, ఊరికే చెప్పాను," అన్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

డాక్టరు గారి తల్లి కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. "నాకెరికే. మూడో దినం నుంచే ఎరిక. అడగంగనే చెప్తివి. నిజంగ తెలిసినోళ్లు జర ఆగి చెప్తరు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదండీ?"

"రోజూ వస్తున్నవ్ గద. గది చాలు."

పంతులమ్మ మంచి చేత్తో నా భుజం తట్టి, "అయితే ఇద్దరం కలిసే నేర్చుకుందాం పా," అన్నారు.

ఆ తరువాత రెండేళ్లు ఎదురెదురుగా నిలబడ్డాం. పంతులమ్మ చెయ్యి పూర్తిగా రాలేదు కాని, ఇంకొకరి సాయం లేకుండా చీర కుచ్చిళ్లు పెట్టుకోగలిగారు. నేను మొదటిసారి పరీక్ష తప్పి, రెండోసారి గట్టెక్కాను. ఒక వానాకాలం పొద్దున వేళ్ల చివర్లలో చీమలు పాకినట్టయి, కాసేపటికి అరచేతుల మధ్య గాలి బరువెక్కింది. అది రక్తప్రసరణేనని తరువాత మా బంధువుల్లో ఒక డాక్టరు చెప్పాడు, నేను వాదించలేదు. ఆ పూట మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఆఫీసుకు ఆలస్యమవుతున్నా అలాగే నిలబడి ఉన్నాను.

కొన్నాళ్లకు పళ్ల దవాఖానా మూసేసి ఆ తల్లీకొడుకులు కలకత్తా వెళ్లిపోయారు. ఆవిడకు తెలుగు మాటలే గాని అక్షరాలు రావు, నాకు వాళ్ల లిపి రాదు, అందుకని ఉత్తరాలూ నడవలేదు. ఆ మేడ ఉన్నచోట ఇప్పుడు బట్టల షాపుంది. పై అంతస్తుకు లిఫ్టులో వెళ్లవచ్చు. అప్పట్లో ఏ చుట్టరికమూ లేని ముగ్గురు ఆడవాళ్లం అరగంటసేపు ఏమీ మాట్లాడుకోకుండా ఒకరినొకరు చూసుకుంటూ నిలబడగలిగాం. ఇప్పుడు అలా కాసేపు నిలబడమని ఎవరినైనా అడగాలంటే నాకే మొహమాటంగా ఉంటుంది.