నీళ్ళు పెట్టని చెట్టు

ఎనభైల్లో ఒక డిసెంబరు. ఆత్మకూరు నుంచి బెంగుళూరులోని మా బావ ఇంటికి వెళ్ళాను. ఆదివారం ఉదయం అక్కడి పెద్ద తోటలో, చెట్ల గురించి చెబుతూ తిప్పే గుంపులో ఇద్దరం చేరాం. గైడు ఒక ఎర్రచందనం ముందు ఆగాడు.

"ఇది మా ఉదయగిరి కొండల్లో ఉండాది బావా," అన్నాను.

పక్కనే రబ్బరు గొట్టంతో మొక్కలకు నీళ్ళు పెడుతున్న పెద్దావిడ ఆ మాటకు తలెత్తింది.

"ఉండాది అంటన్నావు, ఏ ఊరు నాయనా?"

"ఆత్మకూరమ్మా."

"మాది ఉదయగిరి పక్కన సీతారామపురం." నా పేరు అడగలేదు. ఎవరి బిడ్డనో అడగలేదు. "ఈ తూరి వానలు పడినాయా?" అంది.

"లేదమ్మా. చెరువులకు నీళ్ళే రాలా."

"పడింటే ఊరికి పోదామనుకున్నా. మెట్టచేను బీడుపడి ఉండాది," అని గొట్టం లాక్కుంటూ ఎర్రచందనాన్ని దాటి పక్క పూలమడికి పోయింది.

"దీనికి పెట్టవా అమ్మా?"

"పెట్టొద్దన్నారు నాయనా. ఎండకు పుట్టిన చెట్టంట, నీళ్ళు ఎక్కువైతే చచ్చిపోతాదంట."

నానిపోయిన తన పాదాలకేసి చూసుకుంది.

"నేను మాత్రం పొద్దస్తమానం నీళ్ళల్లోనే ఉండాను."