ఆళ్లగడ్డ కిటికీ కింద గూఢచారి

మా అక్క పెళ్లి సంబంధాన్ని మిట్టమధ్యాహ్నం ఒక్క కేకతో చెడగొట్టబోయిన ఘనుడిని నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు, అదీ సగం కల్పించి. పోయే పరువేదో నా నోటితోనే పోతే కాస్త అందంగా పోతుంది కదా!

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నానని మా నాయన నమ్ముతున్నాడు, అది వేరే విషయం. ఆ వేసవిలో మా మేనమామ కువైట్ నుంచి వస్తూ టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ పెట్టె ఒకటి తెచ్చాడు. దానితో వచ్చిన ఆట ఒక్కటే. నల్లబట్టల గూఢచారి ఒకడు శత్రువుల కోటలోకి దూరాలి. కాల్చడం తక్కువ, నక్కడం, పాకడం, గోడకు అతుక్కుని ఊపిరి బిగబట్టడం ఎక్కువ. కాపలావాడి కంట పడ్డామా, గంటలు గణగణ మోగుతాయి, కథ మొదటికొస్తుంది. కరెంటు పోయినా మొదటికే! ఆడినంతవరకు దాచిపెట్టే కార్డు వేరే ఉంటుందట, దాన్ని మామ మరిచిపోయాడు. ఎండాకాలం కరెంటు సంగతి మీకు చెప్పాలా? శత్రువుల కంటే కోతలే నన్ను ఎక్కువసార్లు చంపాయి.

అయినా సరే, నేను వంతెన దాటాను. ఆ వంతెన మీద పెద్ద దీపం ఒకటి అటూ ఇటూ తిరుగుతుంటుంది. దాని వెలుగు పడకుండా దాటినవాడు మా వీధి మొత్తానికి నేనొక్కడినే. అక్క సుజాత పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ "ఇప్పుడొద్దు... ఆఁ, ఇప్పుడు పో" అని ఏదో గొణిగేదనుకోండి. దాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు.

ఒకరోజు సరిగ్గా వంతెన మీద ఉండగా ఎవరో పెద్దామె బాడుగ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మా గుమ్మంలో కూలబడింది. అక్క మంచినీళ్లిచ్చి మళ్లీ నా పక్కకు వచ్చేసింది. గుమ్మంలోంచే ఆ పెద్దామె ఏవేవో అడిగింది. నేను టీవీ మీద నుంచి తల తిప్పకుండానే అన్నిటికీ జవాబులు చెప్పాను. కాసేపటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వారం ఆళ్లగడ్డ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు ఓబులేసు, సొంతంగా విత్తనాల అంగడి ఉంది. అంతకుముందు వచ్చిన ఫోటోలను అక్క సరిగా చూడనైనా చూడలేదు. ఈ ఫోటోను మాత్రం బీరువా తుడిచే నెపంతో మళ్లీ మళ్లీ చూసింది. ఆ బీరువా అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

మా వైపు పెళ్లిచూపులకు ముందు ఎవరో ఒకరు అబ్బాయి ఊరికి పోయి గుట్టుగా విచారించి వస్తారు. తాగుతాడా, పేకాడతాడా, నోరు మంచిదేనా అని. అవతలివాళ్లకు తెలియకూడదు. తెలిసి, "మమ్మల్నే అనుమానిస్తారా!" అని సంబంధం వదిలేసుకున్న ఇళ్లున్నాయి. ఈసారి ఆ పని నా మీద పడింది.

"ఒరే మద్దిలేటీ, ఆళ్లగడ్డకు పోయి రా. వాళ్ల ఇంటికెదురుగా టీ అంగడి ఉండాది. కూచొని టీ తాగు, నాలుగు మాటలు ఇను, బస్సెక్కు" అన్నాడు నాయన.

"అంతేనా నాయనా? లోపలికి దూరేది లేదా?"

"దూరేదేందిరా? దొంగతనానికి పోతాండావా?"

"నాకొదిలెయ్ నాయనా. ఇట్లాంటివి నేను రోజూ చేస్తాండా."

"నువ్వు రోజూ చేసేది నిద్రపోయేదొక్కటే" అన్నాడు నాయన.

అక్క వీధి మలుపు దాకా వచ్చింది. "మద్దిలేటీ, టీ మాత్రమే తాగి రారా. ఇంకేం చేయొద్దు, నీకు దండం పెడతా" అంది. ఆ గొంతులో ఉన్నది భయమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం దీవెన అనుకున్నాను.

గూఢచారి నల్లబట్టలే వేసుకుంటాడు కాబట్టి, మే నెలలో నల్ల ఫుల్‌షర్టు, నల్ల ప్యాంటు వేసుకుని బస్సెక్కాను. శిరివెళ్ల వచ్చేసరికి సగం ఉడికాను. పక్క సీటు పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏం సామీ, ఎండాకాలంలో మాల ఏసుకుంటివి?" అన్నాడు. రహస్యం కాపాడాలి కదా! "మొక్కుబడి సామీ" అన్నాను. ఆయన లేచి నాకు కిటికీ పక్క సీటిచ్చాడు.

టీ అంగడి ఎదురుగానే కనబడింది. దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు. టీ తాగి విచారించడం ఎవడైనా చేస్తాడండీ! చుట్టూ తిరిగి ఇంటి వెనక్కి పోయాను. నాపరాళ్లు నిలబెట్టి కట్టిన ప్రహరీ. సందులోంచి దొడ్లోకి దూరి, ఆటలో లాగే వీపు గోడకు ఆనించాను. ఆటలో గోడలు కాలవు. ఇక్కడ నా వీపు పెనం మీద దోసె అయింది. అయినా కేక బయటికి రానివ్వలేదు. ఆ నిగ్రహానికి నాకు ఇప్పటికీ గర్వమే.

దొడ్లో కట్టేసిన బర్రె నెమరు ఆపి నన్నే చూసింది. కాపలావాడి దృష్టి మళ్లించాలంటే ఆటలో గోడ మీద టకటక కొట్టాలి. కొట్టాను. బర్రె ఇంకా శ్రద్ధగా చూసింది. చేసేదేమీ లేక దాని ముందు నుంచే పాక్కుంటూ పోయి, కిటికీ కింద చేరి, మెల్లగా తలెత్తాను.

లోపల ఓబులేసు. ముందు టీవీ. తెర మీద నల్లబట్టలవాడు. అదే ఆట, అదే వంతెన! కువైట్‌లో మేనమామలు మాకొక్కరికే ఉంటారని ఎందుకనుకున్నానో మరి.

సీసా లేదు, పేకముక్క లేదు. నా విచారణ అయిపోయింది. అప్పుడే లేచి వచ్చేసి ఉంటే మీకు ఈ కథా లేదు, నాకు ఈ అప్రతిష్టా లేదు. కానీ ఓబులేసు వంతెన మీదికి పోయాడు, దీపం కింద పడ్డాడు, గంటలు మోగాయి. మళ్లీ పోయాడు, మళ్లీ పడ్డాడు. నేను కిటికీ ఊచ పట్టుకుని ఇంకాస్త పైకి లేచాను. ఈసారి ఇంకా తొందరపడి కాలు ముందుకేశాడు.

"ఇప్పుడొద్దు బావా! దీపం తిరగనీ!" అని అరిచాను.

అవునండీ, బావా అనే అరిచాను. పెళ్లిచూపులైనా కాకముందే.

ఓబులేసు ఒక్క అంగలో కిటికీ దగ్గరికొచ్చాడు. "ఎవురప్పా నువ్వు? ఈడేం చేస్తాండావ్?"

"నేను... మాల ఏసుకున్నా."

"మాలేసుకున్నోనికి నేను బావనెట్లయితా?"

అంతలోనే లోపలి నుంచి ఒక ఆడగొంతు వినబడింది. "ఓబులేసూ, వాన్నేం అనొద్దు. నంద్యాల పాప తమ్ముడు." ఆ మనిషి ముఖం నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం బాగా తెలుసు.

"మీరు... బాడుగ ఇల్లు..."

"నాకేం బాడుగ ఇల్లప్పా! మా చెల్లెలి కొడుక్కి పిల్లను ఇచారించను వచ్చినా. వేరేవాళ్లను అడిగే పనే లేకపాయె, అంతా నువ్వే చెప్తివి. మీ నాయనకు కోపమని, మీ అక్కకు పులుసు కుదరదని, నువ్వు పరీక్ష తప్పి ఇంట్లో చెప్పలేదని..."

ఫోటో చూస్తూ బీరువా తుడిచే అక్క నా కళ్ల ముందు మెదిలింది. నిజంగానే ఏడ్చేశాను. "పెద్దమ్మా, తప్పంతా నాదే. మా నాయన టీ తాగి రమ్మన్నాడంతే. మా అక్కకు ఈ పొద్దు ఇట్ల జేసినానని తెలీదు. నన్ను కొట్టండి, సంబంధం మాత్రం వదలొద్దండి."

"వదిలేదేంది? మేమొచ్చి చూస్తిమి, మీరు చూడొద్దా? కాకపోతే టీ అంగట్లో అడుగుతారు గానీ, బర్రె ముందర పాక్కుంటా వస్తారా?" అని పెద్దమ్మ నవ్వింది.

ఓబులేసు మాత్రం నవ్వలేదు. "నువ్వు ఈ వంతెన దాటినావా?" అని చాలా మర్యాదగా అడిగాడు.

"దాటినా" అన్నాను, కళ్లు తుడుచుకుని, ఛాతీ విరుచుకుని.

"వీడు యాడ దాటినాడు?" అంది పెద్దమ్మ. "నా కండ్లతో చూసినా. ఒత్తేది వీడు, చెప్పేది ఆ పాప. ఆ పాప ఆఁ అంటేనే వీని ఏలు కదిలేది."

ఓబులేసు తెర వైపు ఒకసారి చూసి, జుట్టు సవరించుకున్నాడు.

పెళ్లిచూపుల నాడు నాయన, "పిల్లతో ఏమన్నా మాట్లాడాలంటే మాట్లాడప్పా" అన్నాడు. ఓబులేసు గొంతు సవరించుకుని, "వంతెన ఎట్ల దాటాల?" అని అడిగాడు.

"యా వంతెన? కుందూ ఏటి వంతెనా?" అన్నాడు నాయన కంగారుగా.

అక్క తల ఎత్తకుండానే చెప్పింది. "దీపం ముందర పోగూడదు. దాని ఎనకాలే, దాంతో పాటే నడవాల."

ముహూర్తం అక్కడికక్కడే పెట్టుకున్నారు. ఆ పెళ్లి కుదిర్చింది నేనేనని ఎవరి ముందైనా చెప్తాను. మా అక్క లాంటి ఆటగత్తె రెండూళ్లలోనూ లేదని అంతకంటే గట్టిగా చెప్తాను.

ఇక నా శపథం వినండి. ఈ జన్మలో ఎవరి కిటికీ కిందా నక్కను. నాపరాయికి వీపు ఆనించను. బర్రెను మాయ చేయబోను. ఎవరి సంగతి తెలుసుకోవాలన్నా వీధి వాకిట్లోంచే పోయి, టీ తాగి, బస్సెక్కుతాను. దీనికి గుర్తుగా ఆ నల్లచొక్కాను అక్కకే అప్పగించేశాను. ఆమె దాంతో టీవీ తుడుస్తోంది.