కత్తిరించిన షీటు

ఏలూరులో ప్యాసింజరు కదిలాక మొటిమల క్యాప్సూల్ షీటు బయటికి తీశాను. పెళ్ళికి ముందు స్నేహితురాలు చెబితే మొదలుపెట్టాను. మందుల షాపులో డాక్టరు చీటీ అడక్కుండానే ఇచ్చేవారు. మొహం నున్నబడింది, పెదాలు మాత్రం పొరలు పొరలుగా లేచిపోయాయి.

ఎదురుగా కూర్చున్న బురఖా ఆవిడ నా పెదాల వంకా, షీటు వంకా చూసి, చటుక్కున నా నీళ్ళసీసా మూతి మీద అరచెయ్యి పెట్టింది.

"ఆగండమ్మా! కొత్తగా పెళ్ళయినట్టుంది. దాని వెనకాల బొమ్మ చూశారా?"

తిప్పి చూశాను. ఏ బొమ్మా లేదు.

"కత్తెరతో సగం కోసి ఇచ్చారు కదండీ, అవతలి ముక్కలో ఉండిపోయుంటుంది. కడుపుతో ఉన్న మనిషి బొమ్మ, దాని మీద అడ్డగీత. ఈ మందు కడుపులో బిడ్డని బతకనివ్వదండీ, బతికినా బాగుండనివ్వదు. నాకూ ఇలాగే ముక్కే ఇచ్చారు."

సీసా మీంచి తీసిన చెయ్యి తన పొట్ట మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

నాకు నెల తప్పిన సంగతి అప్పటికింకా మా ఆయనకి కూడా చెప్పలేదు. నేను దిగాల్సిన తాడేపల్లిగూడెం వచ్చినా షీటు వంకే చూస్తూ కూర్చున్నాను. ఆవిడే చెయ్యి పట్టుకుని దింపి, "ఇంటికి కాదండీ, ముందు డాక్టరమ్మ దగ్గరికెళ్ళండి" అంది.

ఇప్పటికీ మందుల షాపతను కత్తెర అందుకుంటే నా చెయ్యి పొట్ట మీదికే పోతుంది.