గ్లాసులో బంధువులు

మా బాబాయి గ్లాసులో వైను పోసుకున్నాడంటే, అది ఏ వరస బంధువో తేల్చకుండా గుటక మింగడు. మీరూ నేనూ అయితే బాగుందనో, పుల్లగా ఉందనో అని ఊరుకుంటాం. అంత తేలిగ్గా వదిలేస్తే ఆయన మా బాబాయి ఎందుకవుతాడు? గ్లాసు వెలుతురుకి ఎత్తి, గిరగిరా తిప్పి, ముక్కు లోపలికంటా దూర్చి, కళ్ళు మూసుకుని ఒక నిమిషం తపస్సు చేసి, అప్పుడు తీర్పు చెబుతాడు.

"ఇది ఆడపడుచు. అందులోనూ పెద్దాడపడుచు. పైకి నవ్వుతూనే ఉంటుంది. గొంతు దిగాక గానీ అసలు మాట బయటపెట్టదు."

తెల్ల వైనయితే, తెల్లారకుండా చన్నీళ్ళ స్నానం చేసి ఆ సంగతి ఊరందరికీ చెప్పుకునే బావగారు. తియ్యటిదయితే, పని పడినప్పుడు మాత్రమే 'అక్కా, అక్కా' అంటూ వచ్చే తోటికోడలు. బుడగలు వచ్చేదయితే, కడుపులో మాట దాగని వదిన. మా వంశంలో ఇంతమంది ఉన్నారని ఆయన తాగడం మొదలుపెట్టాకే నాకు తెలిసింది.

ముప్ఫై రెండేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. అన్నేళ్ళలో ఆయన నోట వైను అన్న మాట ఒక్కసారి వినలేదు. నాలుగేళ్ళ క్రితం హఠాత్తుగా అంటుకుందీ జబ్బు. పని మానేసిన మగవాళ్ళకి ఏదో ఒకటి పట్టుకుంటుందిలెండి. ఒకాయన మొక్కలు పెంచుతాడు, ఇంకొకాయన పేపర్లకి ఉత్తరాలు రాస్తాడు. మా ప్రారబ్ధం ఇలా ఏడిచింది. మెట్ల మీద ఎదురైనవాళ్ళని ఆపి, ముందు రోజు తాగినదాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంటే, ఆయనుండే భవనంలోవాళ్ళు ఆయనకి 'జడ్జిగారు' అని పేరు పెట్టారు. అది వెటకారమని తెలియక ఆయన మురిసిపోయాడు కూడా.

ఇక సీసా కొనే తీరు చూసి తీరాలి. ఒకసారి నన్నూ దుకాణానికి తీసుకెళ్ళాడు. సీసాని చెవి దగ్గర పెట్టుకుని, నెమ్మదిగా ఊపి, లోపల ఏదో మోటారు తిరుగుతున్నట్టు శ్రద్ధగా విన్నాడు.

"ఇది ఎప్పుడు తయారైందయ్యా?"

"ఆరేళ్ళయిందండీ."

"తర్వాత ఎవరైనా తెరిచి చూశారా?"

"తెరిస్తే ఇంకెవరు కొంటారండీ?"

"ఆరేళ్ళుగా ఎవరూ చెక్ చెయ్యలేదా!" అని బాబాయి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నేను పక్క వరసలోకి వెళ్ళి, ఆయనెవరో నాకు తెలియనట్టు నిలబడ్డాను.

పిన్ని సంగతే లేకపోతే నేనూ అందరిలాగే నవ్వుకుని ఊరుకునేదాన్ని. పిన్ని ఇరవై ఆరేళ్ళు బేకరీలో పనిచేసింది. పొయ్యి తలుపు తెరవకుండానే, వాసన పట్టి, రొట్టెకి ఇంకా రెండు నిమిషాలు కావాలని చెప్పేది. గడియారమైనా తప్పేదేమో గానీ ఆవిడ తప్పేది కాదు. నాలుగేళ్ళ క్రితం మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. ఇద్దరూ లేచారు గానీ పిన్ని ముక్కు మాత్రం లేవలేదు. వాసన పోయింది, దాని వెనకే రుచీ పోయింది. ఏం పెట్టినా తడిపిన అట్టముక్క నమిలినట్టుందనేది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాత్రం నేనూ చెప్పగలను.

పిన్ని బేకరీ మానేసింది. రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. నిండుగా ఉండే మనిషి, ఆరు నెలలు తిరిగేసరికి జాకెట్లు రెండు కుట్లు లోపలికి వేసుకుంది. ఆవిడ కడుపునిండా ఒక్క పూట తింటే చాలని నాకు ఒకటే బెంగ. అలాంటి మనిషికి ఎదురుగా కూర్చుని, ఈ మహానుభావుడు ముక్కు గ్లాసులో దూర్చి వర్ణనలు చేస్తాడా? ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనం చేస్తూ ఉండబట్టలేక అనేశాను. "బాబాయ్, నీ చుట్టాలందర్నీ కాసేపు బయట కూర్చోబెట్టు. పిన్నిని ప్రశాంతంగా తిననీ."

"నువ్వూరుకో అమ్మడూ," అన్నాడాయన గ్లాసులోంచే. "ఈయన మేనమామ. పిలవని పెళ్ళికి వచ్చి, వంటలు బాగోలేవని మూడుసార్లు వడ్డించుకు తిని వెళ్ళే రకం."

"ఏ మేనమామండీ, బట్టతలాయనా?" అంది పిన్ని.

ఈవిడ కూడా వంత పాడుతోంది! ఇంక నేనేం చెప్పను? వాళ్ళ ఖర్మ అనుకుని తల వంచుకుని తిన్నాను.

మొన్న పిన్ని పుట్టినరోజుకి నేనే ఇద్దర్నీ హోటల్‌కి తీసుకెళ్ళాను. తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, గొంతు పెంచి మాట్లాడితే తప్పేమో అనిపించే చోటు. బాబాయి దుకాణంలోలాగే సీసాని చెవి దగ్గర పెట్టుకుంటే పక్క బల్లవాళ్ళు ఫోర్కులు దింపేశారు. వెయిటర్ మూత తీసి, రుచి చూడమని బాబాయి గ్లాసులో అంగుళమెత్తు పోశాడు. ఇంక మొదలైంది తపస్సు. వెయిటర్ ఈ కాలు మీంచి ఆ కాలు మీదకి మారాడు. పిన్ని సూపు తాగుతూ కుతూహలంగా చూస్తోంది.

"ఆహా!" అని కళ్ళు తెరిచాడు బాబాయి. "ఇది చిన్నమ్మమ్మ. ఎండలో ఆరేసిన చీర అప్పుడే మడత విప్పి కట్టుకుని, వచ్చి పక్కన కూర్చుంది. ఇంత శుభ్రమైన వైను నేనింతవరకూ తాగలేదు. పొయ్యవయ్యా అందరికీ!"

నా గ్లాసు మూతి దగ్గర పెట్టుకున్నానో లేదో దూరంగా తోసేశాను. వారం రోజులు మూల పడేసిన తడి గోనెసంచి వాసన. వెయిటర్ కూడా వాసన చూసి బిత్తరపోయాడు. "క్షమించండి సార్, బిరడా బూజు పట్టి సీసా పాడైంది. వేరేది తెస్తాను."

నాలుగేళ్ళ కసి నాది. ఊరుకుంటానా? "ఏం జడ్జిగారూ, చిన్నమ్మమ్మ చీర మురుక్కాలవలో ఉతికినట్టుందే!"

బాబాయి ముఖం మాడిపోయింది. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. చేతులు కడుక్కొస్తానని లేచి వెళ్ళిపోయాడు.

"ఎందుకే అలా అన్నావు?" అంది పిన్ని మెల్లగా. "ఆయనకి వాసన తెలీదు."

"ఇప్పుడు అందరికీ తెలిసిందిగా."

"అది కాదే మొద్దూ. ఆ జ్వరంలో నాతోపాటు ఆయన ముక్కూ పోయింది."

నేను కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను. "బాబాయి నీకు చెప్పాడా?"

"చెబుతారా! నేను బెంగపడతానని ఇప్పటికీ నోరు విప్పలేదు. ఓసారి స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయాను. వంటింట్లోంచి పొగ రావడం చూసి పరిగెత్తాను. ఈయన స్టవ్ పక్కనే కుర్చీ వేసుకుని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఏమిటండీ ఇది అంటే, పాలు కమ్మగా కాగుతుంటే వాసన చూస్తున్నానే అన్నారు."

పిన్ని నవ్వుతోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి ఈ వైనెందుకు పిన్నీ?"

"రోజూ ఏదో ఒకటి వాసన చూడమన్నాడు డాక్టరు. యాలకులు, దాల్చినచెక్క ముందు పెట్టుకుంటే బేకరీ గుర్తొచ్చి ఏడ్చేదాన్ని. ఆయన అవన్నీ తీసేసి ఈ సీసా తెచ్చారు. మనం ఎప్పుడూ ఎరగని వస్తువు కదే, పోయిందని ఏడవక్కర్లేదు అన్నారు. ఇంక అప్పట్నుంచీ సీసా మీద బొమ్మ చూసి నోటికొచ్చిన కోతలు కోస్తారు. వింటూ నవ్వుతుంటే నాకూ నాలుగు ముద్దలు లోపలికి పోతాయి. నాకు తెలుసని ఆయనకి తెలీదు. చెప్పావంటే నీ నాలుక కోస్తా."

ఆవిడ ముందు సూపు గిన్నె ఖాళీగా ఉంది. ఇన్ని ఆదివారాలు ఎదురుగా కూర్చుని, బాబాయి మీద చిరాకుతో నేను ఆవిడ కంచం వైపు సరిగ్గా చూడనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

బాబాయి తిరిగొచ్చాడు. కొత్త సీసా వచ్చింది. వెయిటర్ ఈసారి తెలివిగా నాకు పోశాడు. బాగుంది. బాబాయి నా వైపు బెదురుగా చూస్తున్నాడు.

"సీసా మంచిదే బాబాయ్. ఎవరో మాత్రం నువ్వే చెప్పాలి, నాకు వరసలు తెలీవు," అని గ్లాసు ఆయన ముందుకి జరిపాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు, పిన్ని కారెక్కాక, ఆయన నన్ను పక్కకి లాగాడు. "అమ్మడూ, ఒక సంగతి చెబుతా. మీ పిన్నికి మాత్రం తెలియకూడదు, ఒట్టు." అంతా చెప్పాడు. నేను "అయ్యో, నిజమా!" అని నోరు వెళ్ళబెట్టాను. "ఇకనుంచీ ముందు నువ్వు వాసన చూడు," అన్నాడు. "బల్ల కింద ఒక్క తన్ను తంతే మంచిది, రెండు తంతే పాడైంది. ఏం?"

అలా నాకీ ఉద్యోగం దొరికింది. ప్రతి ఆదివారం వాసన చూసి పెద్దమనిషిని తన్ని వస్తున్నాను.

నిన్న మాత్రం నా ఒక్క తన్నూ గురి తప్పి పిన్ని కాలికి తగిలింది. గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాను. పిన్ని తలెత్తలేదు. రొట్టె తుంచుకుంటూనే, బల్ల కింద కాలు చాచి బాబాయిని ఒక్క తన్ను తన్నింది. అది నాదే అనుకుని, ఆయన హాయిగా కళ్ళు మూసుకుని గ్లాసు తిప్పడం మొదలుపెట్టాడు.

"ఎవరండీ ఇవాళ?" అంటూ పిన్ని రెండోసారి వడ్డించుకుంది.