జేబులు తడుముకునే ఆయన

గన్నవరంలో మా సరుకు విమానాల మరమ్మతులు చూసే ఇంజినీరుగారికి ఒక అలవాటు ఉండేది. పని ముగించి నిచ్చెన దిగగానే, సిటీ బస్సులో టికెట్ పోగొట్టుకున్నవాడిలా జేబులన్నీ తడుముకునేవారు. సరుకు ఎక్కించే మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ఆయన చెయ్యి పైజేబు దగ్గర ఆగిపోయింది. అప్పటికే రొయ్య పిల్లల పెట్టెలు విమానంలోకి ఎక్కించేశాం.

"నా చిన్న టార్చి కనపడటం లేదండీ. ఇంజన్‌లో వదిలేశానేమో. దొరికేదాకా విమానం కదలకూడదు," అన్నారు.

పెట్టెల్లోని నీళ్ల సంచుల్లో ఆక్సిజన్ అయిపోతే పిల్లలన్నీ చస్తాయని రొయ్యల వ్యాపారి మొత్తుకున్నాడు. మేనేజరు గొంతు తగ్గించి, "విమానం తిరిగొచ్చాక వెతుకుదాం, ఎగరొచ్చని సంతకం పెట్టెయ్యండి," అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి నోరెలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"పోగొట్టింది నేనండీ. పంపించమని నేనెలా అంటాను?" అంటూ ఆయన మళ్లీ నిచ్చెనెక్కి ఇంజన్ మూత విప్పారు.

చివరికి టార్చి ఆయన స్కూటర్ డిక్కీలోనే, టిఫిన్ క్యారియర్ కింద దొరికింది. భోజనానికి వెళ్లినప్పుడు అక్కడ పెట్టి మరిచిపోయారట. ఇంజన్ పక్కనే దొరికిందని చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన మాత్రం దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకుని నడిచొచ్చి, "నాదే పొరపాటండీ. డిక్కీలో ఉంది. ఇక బయల్దేరవచ్చు," అన్నారు. కొన్ని పెట్టెల్లో పిల్లలు చచ్చిపోయాయి. మేనేజరు అందరి ముందే తిట్టాడు. ఆయన తల దించలేదు.

ఆరోజు కాక్‌పిట్‌లో కూర్చుని అంతా చూసిన పైలట్ మేడమ్ మళ్లీ వచ్చినప్పుడు నన్ను ఒక్కటే అడిగారు.

"ఇవాళ డ్యూటీ ఆ జేబులు తడుముకునే ఆయనదేనా?"

"ఆయనదేనండీ," అన్నాను, మా ఇంటి మనిషి గురించి చెప్పుకున్నట్టు.

ఇంకేమీ అడక్కుండా ఆవిడ విమానమెక్కారు.