చెల్లెలి ఒడిబియ్యం

మా చెల్లెలి ఒడిబియ్యం సంగతి నేను ఎక్కడ చెప్పినా ఇట్లాగే మొదలుపెడతాను: "బాపు వాకిట్ల కట్టె పట్టుకొని నిలబడ్డడు. నేను బియ్యం మూట భుజానేసుకొని ఆయన ముంగట్నుంచే నడిచిన. ఎవడాపుతడో చూస్త అని అన్న!" వినేవాళ్లు శభాష్ అంటారు. మా ఇంటామె మాత్రం పక్కగదిలో దగ్గుతుంది.

ఆ దగ్గు కోసమైనా నిజం రాయాలి. బాపు చేనుకు పోయిందాకా ఆగి, బియ్యాన్ని యూరియా సంచిలో పోసి, పైన చింతపండు పరిచి, దొడ్డిదారిన బస్సుకు పోయాను.

ఎనభైల నాటి మాట. చెల్లె కల్వకుర్తిలో మిషన్ కుట్టు నేర్చుకోవడానికి పోయి, నేర్పినవాణ్నే పెళ్లి చేసుకుంది. కులం వేరు. మనిషి మంచివాడా కాదా అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. బాపు ఒక్కటే మాట అన్నాడు: "దానికి గీ ఇంటి బియ్యం ముట్టయి."

మావైపు ఆడబిడ్డకు పుట్టిల్లు ఉందనడానికి ఒడిబియ్యమే సాక్ష్యం. పుట్టింటివాళ్లు వచ్చి పసుపు కలిపిన బియ్యం కొంగులో పోయాలి. పోయకపోతే, మొగుడు ఎంత బంగారమైనా, నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ "మీవోళ్లు ఇంక రాలేదా?" అని అడిగేవాళ్లకు జవాబుండదు. చెల్లెకు ఉండేది కాదు.

ఆ ఏడు మా అక్కకు పోయాల్సి వచ్చింది. మరుసటి వారం పండుగలాగా చేద్దామని పెట్టుకున్నాం. అమ్మ చాటలో బియ్యం కలుపుతుంటే బాపు చూశాడు.

"గన్ని ఎందుకే? ఒక్కదానికేనాయె."

"పెద్దదాని ఒడి పెద్దది" అంది అమ్మ, తలెత్తకుండా.

అమ్మ ఎక్కువ కలిపిన ఆ సగమే నా సంచిలోకి వచ్చింది.

నేను పోయేసరికి చెల్లె కిరాయి గదిలో గుండీలు కుడుతోంది. సంచి విప్పగానే సూది ఆగింది.

"అన్నా, బాపు పంపిండా?"

"పంపిండు. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు."

"ఎవలు, బాపా?" నవ్వింది. "అబద్ధమన్నా జర అతికేటట్టు చెప్పరాదు."

అప్పుడు తట్టింది నేను చేసిన తప్పు. ఒడిబియ్యం మగవాడొక్కడు పోసేది కాదు, ముత్తయిదువ చేయి పడాలి. ఇద్దరం బయలుదేరితే బాపు పసిగడతాడని మా ఇంటామెను తీసుకుపోలేదు. బియ్యం ముందర పెట్టుకుని అన్నాచెల్లెళ్లం కూర్చున్నాం. ఇంటి యజమానురాలు, చెల్లె ఖాలా అని పిలిచే సాయబుల ముసలామె, గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏమైంది భాయ్, మొఖం గట్లున్నది?"

చెప్పాను.

"గింతేనా? మా ఆయన సల్లగున్నడు, నేను ముత్తయిదువనే గదా! నేను పోస్త. మీ దేవుడు ఏమన్నంటే నువ్వు చెప్పుకో."

చేతులు కడుక్కుని వచ్చింది. ఇద్దరం పోశాం. చెల్లె కొంగు చాచి నిలబడింది. నల్లా దగ్గరి ఆడవాళ్లు చూడాలని తలుపు బార్లా తెరిచిపెట్టింది ఖాలా.

ఒడిలోంచి కొన్ని పిడికిళ్లు తిరిగి పుట్టింటికి పంపడం రివాజు. చెల్లె నా తువ్వాలలో పోసి ముడి వేసింది.

"బాపు చూస్తే?" అన్నాను.

"చూడనియ్యి. నేను పెండ్లే దొంగతనంగ చేసుకోలే, బియ్యానికి దొంగతనమెందుకు?"

ఇంటికి తెస్తే అమ్మ ముడి విప్పి బియ్యం తీసుకుంది. వాటిని మా బియ్యంలో కలిపి వండింది. బాపు కంచంలో అక్కడక్కడ పసుప్పచ్చని మెతుకులు. అక్క ఒడిబియ్యం ఇంకా కాలేదని ఆయనకు తెలుసు; ఒడిలో పోయకముందు పసుపు బియ్యం ఎవరూ వండరు. ఒడి తాకిన బియ్యం ఎవరి దగ్గరనుంచి తిరిగి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ బాపు ఏడ్చాడని నేను చెబుతుంటాను. ఏడవలేదు. కంచంవైపు చాలాసేపు చూశాడు. అమ్మ ఊరికే పొయ్యి ఊదుతోంది. నేను లేచి పోదామా అనుకున్నాను.

"చారు పొయ్యే" అన్నాడు బాపు.

కలుపుకుని తిన్నాడు. చెల్లె పేరు ఆ పూటా ఎత్తలేదు, తర్వాత చాన్నాళ్లు ఎత్తలేదు. ఒక్క మెతుకు కూడా మిగల్చలేదని రాయాలని ఉంది గాని, మిగిల్చాడు. రోజూ కుక్కకు మిగిల్చేటంత.